‘గానీ’ అన్న తర్వాత

ఎదుటివాళ్ళు మాట మొదలుపెడితే దాన్ని నేనే పూర్తి చేసే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. హత్నూర మండలంలో మా ఊళ్ళో రెండు గదుల ఇంట్లో ఏడుగురం ఉండేవాళ్ళం. అమ్మా నాన్నా కూలికి పోయి వచ్చేసరికి పొద్దు గూకేది. వాళ్ళు కాళ్ళు కడుక్కుని కూర్చున్న ఆ కాసేపట్లోనే పిల్లలం మా సంగతులన్నీ చెప్పుకోవాలి. తడుముకుంటూ మాట్లాడితే పక్కవాళ్ళు అందుకునేవాళ్ళు. అందుకని అందరికంటే ముందు నేనే అందుకోవడం నేర్చుకున్నాను. పెళ్ళయిన కొత్తలో మా ఆయన ఒకసారి అన్నాడు, “నువ్వు నా నోట్లకెళ్లి మాట గుంజుకుంటవు. అది కాదు నేను చెప్పేది అని మల్ల మొదటికెళ్లి చెప్పుకోవాలె నేను.” నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను.

నర్సు ఉద్యోగంలో ఈ అలవాటు ఎవరికీ తప్పుగా కనబడలేదు. పైగా పనికొచ్చింది. పటాన్‌చెరులో ఒక మోస్తరు ప్రైవేటు దవాఖానలో డాక్టర్ గదికి ముందున్న చిన్న గది నాది. వచ్చినవాళ్ళ బరువు, బీపీ, షుగరు చూసి, బాధేమిటో రెండు ముక్కల్లో కాగితం మీద రాసి లోపలికి పంపాలి. షిఫ్టు దిగినవాళ్ళూ షిఫ్టు ఎక్కాల్సినవాళ్ళూ ఒకేసారి వస్తారు. పొద్దున తొమ్మిదింటికే బల్లలు నిండిపోయి జనం గోడలకు ఆనుకుని నిలబడతారు. టోకెన్ పిలవకముందే ఎవరో ఒకరు తల లోపలికి పెట్టి “మేడం, కంపెనీ బస్సు పోతది” అంటారు. నేను ఆ గదిలో కూర్చున్న గుర్తు లేదు. ఒక చేత్తో బీపీ పట్టీ చుడుతూ, ఇంకో చేత్తో రాస్తూ, కాలితో తర్వాతివాళ్ళ స్టూలు ముందుకు జరుపుతూ ఉండేదాన్ని.

“మూడు దినాల సంది కడుపుల...” అని వాళ్ళు మొదలుపెడితే, “మంట. తిన్నంక ఎక్కువైతది. అంతేనా?” అనేదాన్ని. “అంతే మేడం” అనేవాళ్ళు. చాలాసార్లు నిజంగానే అంతే. అదే నన్ను చెడగొట్టింది.

ఒకసారి హైదరాబాద్ నుంచి ఒకావిడ వచ్చి పై అంతస్తు హాల్లో మా నర్సులందరికీ రెండు రోజులు శిక్షణ ఇచ్చింది. పేషెంటు మాటను శ్రద్ధగా వినడం ఎలా అన్నది విషయం. కళ్ళలోకి చూడాలి, కొంచెం ముందుకు వంగాలి, మధ్యలో అడ్డు తగలకూడదు, వాళ్ళు చెప్పింది మన మాటల్లో తిరిగి చెప్పి సరిచూసుకోవాలి, అవును కాదు అని తేల్చేసే ప్రశ్నలు కాకుండా ‘ఇంకేమనిపిస్తోంది’ లాంటివి అడగాలి. అన్నీ రాసుకున్నాను. రెండో రోజు ఒకరు పేషెంటుగా, ఒకరు నర్సుగా నటించాలి. నాకు పేషెంటుగా మా మందుల షాపు అమ్మాయి వచ్చింది. నిద్ర పట్టని ముసలమ్మలా మూలుగుతూ చెప్పింది. పది నిమిషాలు నేను ఆమె కళ్ళలోంచి చూపు తిప్పలేదు. ఒక్క మాటకు కూడా అడ్డు రాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే బాగా విన్నది నేనేనని ఆవిడ చెప్పింది. ఆ హాల్లో టోకెన్లు లేవన్నది అప్పుడు నాకు తట్టలేదు. మర్నాడు నా గదిలో మళ్ళీ నిలబడే పని చేశాను.

ఆ రోజుల్లోనే చిట్కుల్ నుంచి ఒకామె నెలనెలా బీపీకి వస్తుండేది. నలభై ఆరేళ్ళు. మొన్నమొన్నటిదాకా పొలం కూలికి పోయిన మనిషి, రెండేళ్ళుగా ఇస్నాపూర్ వైపు ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ లైన్ మీద పనిచేస్తోంది. డ్యూటీకి వెళ్ళే ముందు యూనిఫాం కోటు మడిచి కవర్లో పెట్టుకుని వచ్చేది. స్టూలు మీద కూర్చోగానే తనే చెయ్యి చాపి, కొంగు పక్కకు తీసి, పట్టీ కట్టేదాకా ఊపిరి బిగబట్టి ఉండేది. ఆమెను నేను అక్కా అనేదాన్ని. ఆమె నన్ను సిస్టరమ్మా అనేది.

“గోలీలు వేసుకుంటున్నవా అక్కా?”

“వేసుకుంటున్న సిస్టరమ్మా, గానీ...”

“గానీ తగ్గుతలేదు. ఉప్పు తగ్గించినవా?”

ఆమె నా ముఖం వంక ఒక్క క్షణం చూసింది. “తగ్గించిన” అంది.

‘మందులు వాడుతోంది. ఉప్పు తగ్గించింది. బీపీ అదుపులో లేదు’ అని రాసి లోపలికి పంపాను. తర్వాతి నెలా అదే మాట, అదే రాత. మధ్యలో ఒకసారి మూత్రంలో మంట అని వచ్చింది. “నీళ్లు బాగ తాగాలె అక్కా. దినానికి మూడు లీటర్లన్న తాగు” అన్నాను. అది నేను రోజుకు ఎంతమందికి చెబుతానో నాకే తెలియదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎందుకు నవ్వుతున్నావని నేను అడగలేదు.

నాలుగో నెల డాక్టర్ మందు మోతాదు పెంచారు. ఒక్కరోజు కూడా మానవద్దని గట్టిగా చెప్పి పంపారు. ఆమె మందుల చిట్టీ పట్టుకుని మళ్ళీ నా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

“సిస్టరమ్మా, గీ గోలి పొద్దుగాలనే వేసుకోవాల్నా?”

“పొద్దుగాలనే, టిఫిన్ తిన్నంక. మర్చిపోకు” అన్నాను. అప్పటికే ఇంకొకరి చేతికి పట్టీ చుడుతున్నాను. మళ్ళీ తలెత్తేసరికి గుమ్మంలో ఆమె లేదు.

ఆ తర్వాతి ఆదివారం నాకు డ్యూటీ పడింది. ఆదివారాలు ఓపీ ఉండదు, అత్యవసరం అయితేనే వస్తారు. పదకొండింటికి ఒక ఆటో వచ్చి ఆగింది. ఆమెను వాళ్ళ తోడికోడలు పట్టుకుని దింపుతోంది. ఎడమ మణికట్టు వాచి వంకర తిరిగి ఉంది. ఇంటి వాకిట్లో లేచి నిలబడబోయి కళ్ళు తిరిగి పడిపోయిందట. బీపీ చూస్తే తొంభైకి లోపే ఉంది. ఎప్పుడూ నూట డెబ్భైకి తగ్గని మనిషి. మిషన్ తప్పు చూపిస్తోందనుకుని ఇంకో మిషన్ తెచ్చి మళ్ళీ చూశాను. అదే.

డ్యూటీ డాక్టర్ వచ్చి చూసి సెలైన్ పెట్టించారు. ఎక్స్‌రే తీసే అతను ఇంటి దగ్గర నుంచి రావాలి. వచ్చేదాకా ఆమె చెయ్యి కదలకుండా చూసుకోవడం, పది నిమిషాలకోసారి బీపీ చూడడం, అంతకు మించి నాకు పని లేదు. తోడికోడలు ఇంటికి ఫోన్ చేయడానికి బయటికి వెళ్ళింది. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. పని లేకుండా కూర్చోవడం నాకు చాతకాదు. సెలైన్ గొట్టం సరిచేశాను, దుప్పటి సరిచేశాను, మళ్ళీ గొట్టం సరిచేశాను.

“ఏమైందక్కా? గోలి వేసుకున్నవా ఇయ్యాల?”

“వేసుకున్న” అంది. ఆమె పైకప్పు వంక చూస్తోంది. నా వంక చూడడం లేదు. అందుకే ఆ రోజు ఆమె మాట ఆగలేదని ఇప్పటికీ నా నమ్మకం. నా ముఖంలో ఉండే తొందర ఆమెకు కనబడలేదు.

“అవి నీళ్లు దీసే గోలీలట గద సిస్టరమ్మా. వేసుకుంటే గంట గంటకు ఒంటికి పోవాలె. లైన్ల నిలవడ్డంక పొద్దుగాల ఒక్కపారి ఇడుస్తరు, అన్నం కాడ ఒక్కపారి. నడిమిట్ల పోవాలంటే లైన్ సారుకు చెప్పాలె. ఆయన మా పెద్దోని ఈడోడు. ఆయన ముంగట చెయ్యి లేపి ఒంటికి పోవాలని ఎట్ల చెప్పను? ఒక్కపారి చెప్పిన. ఇప్పుడే పోయొచ్చినవ్ గదమ్మా అన్నడు. పక్కకున్నోళ్లు నవ్విండ్రు. ఇగ ఆ దినం సంది డ్యూటీ ఉన్ననాడు గోలి ముట్టలేదు. నీళ్లు గూడ తాగ. సుట్టి ఉన్ననాడు వేసుకుంట.”

‘అందుకేనా మంట’ అని నోటిదాకా వచ్చింది. ఎందుకో ఆపుకున్నాను.

“డాక్టర్ సారు ఒక్క దినం మానొద్దన్నడు. నేను ఆరు దినాలు మానితి. పాణం బుగులైంది. ఇయ్యాల సుట్టి గదా అని కొత్తది ఒకటి, పాతయి రెండు కలిపి వేసుకున్న. తక్కువ పడ్డది నిండుతదనుకున్న.”

లేచి కిటికీ దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి కూర్చున్నాను. అప్పుడు నేను అడిగిన ప్రశ్న తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గు. ఆమె గురించి అడగలేదు. నన్ను నేను కాపాడుకోవడానికి అడిగాను.

“ఇదంత నాకు ఎప్పుడన్న చెప్పినవా అక్కా?”

“చెప్పవోయిన” అంది. “నువ్వు జల్దీల ఉంటివి.”

నింద లేదు ఆ గొంతులో. బస్సు ఆలస్యంగా వచ్చిందని చెప్పినట్టు చెప్పింది.

ఎక్స్‌రేలో మణికట్టు ఎముక విరిగినట్టు తేలింది. ఆరు వారాలు కట్టు. మందుల సంగతి డ్యూటీ డాక్టర్‌కు చెప్పాను. ఆయన బీపీ మాత్రలన్నీ ఆపి సాయంత్రం దాకా ఉంచి పంపారు. డ్యూటీ దిగే ముందు ఆమె పాత కాగితాలు తీసి చూశాను. నాలుగు కాగితాల మీదా నా చేతిరాతే. నాలుగింటి మీదా ‘మందులు వాడుతోంది’ అనే ఉంది.

ఆ వారం నాకు ఎక్కడా కుదురు లేదు. ఇంద్రేశంలో మా ఇంట్లో సర్దిన అలమరాలే మళ్ళీ సర్దాను. కూరగాయలు తరుగుతూ మధ్యలో వదిలేసి బట్టలు మడవడానికి పోయాను, బట్టలు వదిలేసి మళ్ళీ వంటింట్లోకి వచ్చాను. దవాఖానలో ఎవరు ‘గానీ’ అన్నా నా చెయ్యి ఆగిపోయేది. రోజుకు ఎంతమంది ఆ మాట అంటారో అంతకుముందు నాకు వినబడలేదు. మా ఆయన మందుల కంపెనీలో పనిచేస్తాడు. రెండు రోజులు నన్ను చూసి చూసి, “ఏంది గట్ల పరేషాన్‌గ తిరుగుతున్నవు?” అని అడిగాడు. అంతా చెప్పాను. ఆయన మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు.

“గామెకు చెప్పినవా?”

“ఏమని?”

“నీ తప్పని.”

ముందు డాక్టర్‌కు చెప్పాలన్నాను. మర్నాడు ఇద్దరు పేషెంట్ల మధ్య లోపలికి వెళ్ళి నిలబడే చెప్పాను. ఆమె మందులు వాడడం లేదని, నేను వాడుతోందని రాశానని, చెప్పబోతే నేనే ఆపానని. ఆయన ఆ కాగితాలు తిప్పి చూశారు. “నేనూ అడగలేదమ్మా. నువ్వు రాసింది చూసి మోతాదు పెంచేశాను” అన్నారు. నీళ్ళు తీసే మందు పూర్తిగా మాన్పించి వేరే రకం రాస్తానని, చెయ్యి చూపించుకోవడానికి వచ్చినప్పుడు తన దగ్గరికి పంపమని చెప్పారు. తిడతారని వెళ్ళాను. తిడితే తేలికగా ఉండేది. బయట ముప్పై ఒకటో నంబరు పిలుస్తున్నారు.

తర్వాతి ఆదివారం నాకు సెలవు. చిట్కుల్ వెళ్ళాను. ఇస్నాపూర్ చౌరస్తాలో బస్సు దిగి ఆటో ఎక్కాను. ఊళ్ళో సందు సందుకీ వరసగా కిరాయి గదులు. ఒడిశా వాళ్ళు, బిహార్ వాళ్ళు, గది ముందు ఇటుకల మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. తాళ్ళ నిండా నీలం రంగు యూనిఫాంలు ఆరేసి ఉన్నాయి. ఆమె ఇల్లు ఆ గదుల వెనక ఉంది. వాకిట్లో పీట మీద కూర్చుని ఒంటి చేత్తో బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నన్ను చూసి కంగారుగా లేవబోయింది. తోడికోడలు కుర్చీ తెచ్చి వేసి, నీళ్ళిచ్చి, చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

నేను కూర్చోగానే చెప్పేశాను. దారంతా అనుకుంటూ వచ్చిన మాటలే, గడగడా ఒప్పచెప్పినట్టు వచ్చాయి.

“నువ్వేం జేస్తవు సిస్టరమ్మా? నేనే గట్టిగ చెప్పకపోతి” అందామె.

ఆ మాట పట్టుకుని లేచి వచ్చేయవచ్చు. ఆమె నాకు దారి ఇచ్చింది. “కాదక్కా. నువ్వు చెప్పవోయినవు. నేను ఆపిన” అన్నాను.

ఆమె బియ్యం మీంచి చెయ్యి తీసింది. తర్వాత నా ముఖంలోకి చూసి, “ఆపినవు” అంది.

అంతే. చాయ్ వచ్చింది. తాగాం. తర్వాత ఆమే చెప్పింది, లైన్ మీద తన చోటులో కాంట్రాక్టర్ వేరే ఆమెను పెట్టుకున్నాడని, కట్టు విప్పాక తీసుకుంటారో లేదో తెలియదని. నేను వెంటనే మొదలుపెట్టాను. డాక్టర్‌తో ఉత్తరం రాయిస్తానని, నాకు తెలిసినవాళ్ళు ఫలానా కంపెనీలో ఉన్నారని, ఫోన్ కూడా తీశాను.

“జెర ఆగు చెల్లె” అంది. సిస్టరమ్మా అనలేదు. “చెప్పనియ్యి.”

ఫోన్ లోపల పెట్టేశాను.

“మస్తు మంచిగుండె ఆ పని. ఎండ లేదు, వాన లేదు. ముప్పై ఏండ్లు వంగి నాట్లేసిన, కలుపు దీసిన. గాడ నిలవడి చేస్తే నడుము నొస్తది గానీ, పైన పంక తిరుగుతది. నాతోటి ఉన్నోళ్లు అందరు మంచోళ్లు. అన్నం కాడ కూరలు పంచుకుంటుంటిమి. పొలం కాడైతే ఒంటికి ఎటువోతున్నవని అడిగినోడు లేడు. గట్టు అవుతలికి పోయొస్తుంటిమి. గదొక్కటే ఆడ బాధ. గింత చిన్న బాధ చెప్పుకుంటే ఇజ్జత్ పోతదనుకున్న. ఇప్పుడు పనే పాయె.”

శిక్షణలో చెప్పినట్టు ఆమె మాటను నా మాటల్లో తిరిగి చెప్పాలనిపించలేదు. ఆమె దానికంటే బాగా చెప్పింది. ఆ తర్వాత ఆమె కోడలి కాన్పు గురించి, కొడుకు కొన్న బండి గురించి, ఊళ్ళో బోర్లలో వచ్చే నీళ్ళ వాసన గురించి మాట్లాడింది. దాదాపు రెండు గంటలు. ఒళ్ళో ఉన్న సంచీ జిప్పు తీస్తూ వేస్తూ కూర్చున్నాను. నా లోపల ఎవరో లేచి వెళ్ళిపోదామని మోచేత్తో పొడుస్తున్నట్టే ఉంది ఆసాంతం. అయినా కూర్చున్నాను.

ఆమె చెయ్యి అతుక్కుంది. పూర్తిగా తిప్పలేదు, బిందె ఎత్తేటప్పుడు కుడి చెయ్యే వాడుతుంది. డాక్టర్ మార్చిన మందుతో బీపీ అదుపులోకి వచ్చింది. పాత ఫ్యాక్టరీ వాళ్ళు తీసుకోలేదు. నాలుగు నెలలు ఖాళీగా ఉండి ఆ పక్కనే ఇంకో దాంట్లో చేరింది. అక్కడ లైన్ చూసేది ఒక ఆడమనిషట.

నా గదిలోకి నాకూ ఒక స్టూలు తెచ్చుకున్నాను. ఫ్యాక్టరీల నుంచి వచ్చే ఆడవాళ్ళను రెండు సంగతులు తప్పకుండా అడుగుతున్నాను: డ్యూటీలో నీళ్ళు తాగుతున్నారా, బాత్రూంకు పోనిస్తున్నారా. మొదట ఎవరూ చెప్పలేదు. తలుపు దగ్గరికి వేసి అడగడం మొదలుపెట్టాక చెప్పారు. చాలామంది పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా గొంతు తడుపుకోవడమే తప్ప తాగడం లేదు. డాక్టర్‌తో మాట్లాడితే, అవసరమైనప్పుడు బయటికి పోనివ్వాలని కావాల్సినవాళ్ళకు కాగితం రాసిస్తానన్నారు. ఒక్కామె తీసుకుంది. మిగతావాళ్ళు, “వద్దు మేడం, అందరికి తెలుస్తది” అన్నారు. ఆ ఒక్కామె కూడా దాన్ని చూపించిందో లేదో నాకు చెప్పలేదు.

వినడం నాకు వచ్చేసిందని చెప్పను. స్టూలు మీద కూర్చున్నా నా మడమ నేల మీద ఆడుతూనే ఉంటుంది. ఒకసారి ఒకామె ఏదో చెప్పి ఆగింది. ఇంకా ఏమైనా ఉందేమోనని నేను మాట్లాడకుండా ఆమెనే చూస్తూ కూర్చున్నాను. ఆమె ముఖం పాలిపోయింది. “ఏంది మేడం గట్ల చూస్తున్నవు, పెద్ద రోగమా?” అంది. నాకు నవ్వొచ్చింది, ఆమెకు రాలేదు. ఒక్కొక్కరి దగ్గర ఎక్కువసేపు పడుతోందని టోకెన్లు ఇచ్చే అతను రెండుసార్లు పైవాళ్ళకు ఫిర్యాదు చేశాడు. అతనిదీ తప్పు కాదు. బయట నిలబడ్డవాళ్ళు అరిచేది అతని మీదే.

పోయిన వారం సంగతి ఇది. మధ్యాహ్నం పన్నెండు దాటింది, ఇంకా పదిహేను మంది ఉన్నారు. హత్నూర వైపు నుంచి ఒక పెద్దమనిషి దగ్గుతో వచ్చాడు. అరవై దాటి ఉంటాడు. రైతు, ఇప్పుడు ఒక గోదాము దగ్గర కాపలా ఉంటున్నాడు. బీపీ చూశాను, దగ్గు ఎన్నాళ్ళనుంచో అడిగాను, చెప్పాడు. “ఇంకొకటి బిడ్డా, రాత్రిపూట...” అన్నాడు. “దగ్గు ఎక్కువైతదా? సరే, సారుకు చెప్పు” అని కాగితం చేతిలో పెట్టేశాను. నోట్లోంచి వచ్చేశాకే తెలిసింది. అప్పటికి ఆయన లేచి లోపలికి పోయాడు. తర్వాత పట్టుకుందామనుకున్నాను. ఇద్దరిని చూసేసరికి మందులు తీసుకుని వెళ్ళిపోయాడని చెప్పారు.

బయటికి పరుగెత్తాను. రోడ్డు మీద లారీల దుమ్ము. షేరింగ్ ఆటోలు ఆగే చోట ఆయన ఒక కాలు ఆటోలో పెట్టి ఉన్నాడు. దగ్గరికి పోయి, “పెద్దయ్యా, ఇందాక రాత్రిపూట అని ఏదో చెప్పవోయినవు. ఏందది?” అని అడిగాను. నాకు రొప్పు వస్తోంది.

ఆయన ఆలోచించాడు. నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి చూశాడు. ఆటో అతను హారన్ కొట్టాడు.

“ఏమో బిడ్డా, యాదికొస్తలేదు” అన్నాడు. “యాదికొస్తే మల్లొచ్చినప్పుడు చెప్త.”

ఆటో సంగారెడ్డి వైపు వెళ్ళిపోయింది. ఆయన వారం తర్వాత మళ్ళీ రావాలి. ఆ వారం నిన్నటితో అయిపోయింది. ఇవాళ ఇంకా రాలేదు. డ్యూటీ దిగేలోపు ఆయన కాగితం మీద ఉన్న నంబరుకు ఫోన్ చేద్దామనుకుంటున్నాను.